అప్‌డేట్: మా పాప మాటల గురించి

రెండేళ్లు నిండినా మా పాప పదిహేను మాటలకు మించి పలకడం లేదని, ఏం చేయాలో చెప్పమని నాలుగు నెలల క్రితం అడిగాను. ఆ వయసుకు సుమారు 50 మాటలు రావాలనీ, రెండేసి మాటలు కలపడం మొదలవ్వాలనీ, అన్నిటికన్నా ముందు వినికిడి పరీక్ష చేయించమనీ మీరు చెప్పారు. చేయించాం, లోపమేమీ లేదు. స్పీచ్ థెరపిస్టును కూడా కలుస్తున్నాం.

నిజంగా మార్పు తెచ్చింది మాత్రం, పాప దేనిని చూస్తోందో దాని గురించే మాట్లాడి, ఆ తర్వాత ఓపికగా ఆగడం. ఇదివరకు "ఇదేమిటి? చెప్పు" అని వెంటవెంటనే అడిగేదాన్ని, తను మొహం తిప్పుకునేది. ఇప్పుడు బొమ్మల పుస్తకంలో తను వేలు పెట్టిన చోటే ఆగి, "పిల్లి!" అని, మనసులో పది లెక్కపెట్టుకుంటాను. ఆ మౌనాన్ని భరించడం నాకు చాలా కష్టమైంది. మొన్న ఎనిమిది దాకా వచ్చేసరికి "పిల్లి బజ్జుంది" అన్నది. నా కళ్లు చెమర్చాయి. "అవును, నల్ల పిల్లి మంచం కింద బజ్జుంది" అని రెండు మూడు మాటలు చేర్చి తిరిగి చెప్పాను. పలుకు తప్పినప్పుడు కూడా తప్పని అనకుండా, సరైన రూపంలో ఆ మాటను మళ్లీ వినిపిస్తున్నాం.

ఇప్పటికి 60 మాటలు దాటాయి. అయితే వాటిలో వస్తువుల పేర్లే ఎక్కువ, పనులను తెలిపే మాటలు తక్కువ. అందుకే స్నానం చేయించేటప్పుడు "పోస్తున్నాను, రుద్దుతున్నాను, తుడుస్తున్నాను" అని చేస్తున్న పనినల్లా చెబుతున్నాను.