బొగ్గులోని పాదరసం బూడిదలో ఎందుకు కనిపించడం లేదు?

గుంటూరు విద్యార్థిని:
ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం ప్రాజెక్టు కోసం ఒడిశాలోని తాల్చేరు బొగ్గును మఫుల్ ఫర్నేసు అనే విద్యుత్ కొలిమిలో 815 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి, మిగిలిన బూడిదను ఆమ్లాలలో కరిగించి పరీక్షించాను. బొగ్గులో 40 శాతం బూడిద ఉన్నందున ప్రతి లోహమూ బూడిదలో రెండున్నర రెట్లు చిక్కబడాలని లెక్క వేసుకున్నాను. క్రోమియం, నికెల్ ఆ లెక్కకు దగ్గరగా వచ్చాయి. ఆర్సెనిక్ తక్కువ వచ్చింది, పాదరసం జాడే లేదు. పొరపాటు ఎక్కడ జరిగిందో పెద్దలు చెప్పగలరా?

విశ్రాంత కెమిస్టు, విజయవాడ:
అమ్మా, మీ గుణకారం సరైనదే, కానీ ఆవిరి కాని లోహాలకే అది వర్తిస్తుంది. 815 డిగ్రీలన్నది బూడిద శాతం తేల్చడానికి నిర్ణయించిన ఉష్ణోగ్రత. సూక్ష్మ లోహాల కోసమైతే 500 డిగ్రీలు దాటకుండా నెమ్మదిగా కాల్చాలి. పాదరసానికి అదీ పనికిరాదు, ఎందుకంటే అది ఆ వేడికి చేరేలోపే దాదాపుగా ఎగిరిపోతుంది. కనుక బొగ్గునే నేరుగా కాల్చి, వెలువడే పాదరసపు ఆవిరిని బంగారం పూతపై పట్టి కొలిచే పరికరం వాడండి. క్రోమియం లెక్కకు దగ్గరగా వచ్చిందంటే బూడిదలోని సిలికేట్లనూ కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మీరు వాడి ఉంటారు. అది చర్మంలోకి దిగి కాల్చే ప్రమాదకరమైన ఆమ్లం. ఆ గాయానికి వెంటనే రాయాల్సిన కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా లేనప్పుడు, పక్కన మరొకరు లేనప్పుడు, దయచేసి ఆ సీసా మూత తీయకండి.

ఇబ్రహీంపట్నం నివాసి:
థర్మల్ కేంద్రాల బాయిలర్లలో జరిగేదీ ఇదే. మంటలో ఆవిరైన ఆర్సెనిక్, సెలీనియం, పొగ చల్లబడే దారిలో సన్నని బూడిద రేణువులపై పేరుకుంటాయి. రేణువు ఎంత సన్నదైతే, బరువుతో పోల్చినప్పుడు దాని ఉపరితలం అంత ఎక్కువ. అందువల్ల బాయిలర్ అడుగున పడే బూడిదలో ఇవి తక్కువగా, పొగలోని బూడిదను విద్యుత్తుతో పట్టే ఈఎస్పీ యంత్రపు చివరి వరుస హాపర్లలోని (బూడిద చేరే గరాటు తొట్లలోని) మెత్తటి బూడిదలో ఎక్కువగా ఉంటాయి. పాదరసంలో చాలా భాగం చిమ్నీ దాటిపోతుంది కాబట్టే, 2015లో కేంద్ర ప్రభుత్వం పొగలో దానికి ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. మీరు థర్మల్ కేంద్రం బూడిదను పరీక్షించేటట్లయితే, అది ఏ హాపర్‌దో సంచిపై తప్పక రాయించుకోండి.

గుంటూరు విద్యార్థిని:
ఇద్దరికీ నమస్కారాలు. ఈ బూడిద చెరువులో కలిస్తే ఆర్సెనిక్ ఎంత నీటిలోకి దిగుతుందో కూడా చూడాలని ఉంది.

విశ్రాంత కెమిస్టు, విజయవాడ:
తప్పక చూడండి, ఊళ్లకు కావలసిన అంకె అదే. దానికి ఆమ్లాలతో కరిగించవద్దు. బూడిదను నీటిలో గిలకరించి, వడపోసి, ఆ నీటిని పరీక్షించండి. పీహెచ్ తప్పక నమోదు చేయండి: సీసం, కాడ్మియం ఆమ్ల గుణమున్న నీటిలో దిగుతాయి, ఆర్సెనిక్, సెలీనియం క్షార నీటిలోనూ కదులుతాయి. తాగునీటిలో ఆర్సెనిక్ పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, వడపోసిన నీటిలో వచ్చిన అంకెను దానితో పోల్చి చూడండి.