ఏఏసీ గోడకు గ్రానైట్ తొడుగు, నెత్తిన కోసిన త్రికోణం: బ్రాకెట్లు ఎలా బిగించాలి?

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఐదంతస్తుల ఆఫీసు భవనానికి ముందువైపు 30 మి.మీ. గ్రానైట్ డ్రై క్లాడింగ్ (సిమెంటుతో అతికించకుండా బ్రాకెట్లతో బిగించే తొడుగు) చేయాలి. నమూనా న్యూయార్క్‌లో 1984లో పూర్తయిన ఏటీ అండ్ టీ భవనం. ఫిలిప్ జాన్సన్, జాన్ బర్గీ 37 అంతస్తులకు గులాబీరంగు గ్రానైట్ తొడిగి, పైన నడుమ గుండ్రంగా కోసిన త్రికోణం నిలబెట్టారు. అద్దాల డబ్బాల్లాంటి భవనాల మధ్య అలాంటి రాతి ముఖం మన ఊళ్లోనూ ఉండాలి. బేతంచెర్ల రాయి దగ్గరే దొరుకుతుంది గానీ అది పొరల రాయి, అంచున బ్రాకెట్ పిన్ను కోసం రంధ్రం వేస్తే చీలే భయం.

అసలు చిక్కు గోడతోనే. 900×600 మి.మీ. పలక ఒక్కటే దాదాపు 44 కిలోలు. తేలికపాటి ఏఏసీ (గాలిబుడగల కాంక్రీటు) దిమ్మెల్లో యాంకర్ బోల్టు ఆ బరువుకు నమ్మకంగా నిలవదు. అందుకే బీము నుంచి బీముకు జింకుపూత ఉక్కు ఫ్రేము వేసి, దానికి ఎస్‌ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీలు) బ్రాకెట్లు బిగించాలని ఆలోచన. రెండు లోహాలు తగిలేచోట తడి చేరితే జింకుపూత తినుకుపోతుంది కాబట్టి నైలాన్ వాషర్లు తప్పనిసరి. మన ఎండలకు 40 డిగ్రీల తేడా లెక్కేస్తే 6 మీటర్ల ఉక్కు దాదాపు 3 మి.మీ. సాగుతుంది. ఫ్రేమును అంతస్తుకొకచోట తెంచి, కింది కొసకు పొడుగు రంధ్రం ఇస్తే సరిపోతుందా? పలకల మధ్య 8 మి.మీ. సందు చాలా?

సందులు పూడ్చే మామూలు సిలికాన్ సీలెంటులోని నూనె రాతిలోకి దిగి అంచులు నల్లబడతాయి. మరక పట్టనిది ఏది వాడారు? త్రికోణం కోతలో నిలిచే వాన నీటిని వెనక్కి, టెర్రస్ మీదికి వాలు ఇచ్చి తీయాలా, లోపల పైపు పెట్టాలా? ఇలాంటి పని చేయించినవాళ్లు దయచేసి చెప్పండి.