సాఫ్ట్ టాప్ ఫోర్ బై ఫోర్‌లో వాన నీళ్లు, కార్పెట్ కింద చెమ్మ: ఏం చేయాలి?

బురదచక్రం:
క్యాన్వాస్ సాఫ్ట్ టాప్ బండి. టాప్ తీసి ఉన్నప్పుడు తడిస్తే అనుకోవచ్చు, కానీ టాప్ వేసి జిప్పులన్నీ బిగించినా గట్టి వానకు ఎడమవైపు ముందు ఫ్లోర్‌లోకి నీళ్లు వస్తున్నాయి. కార్పెట్ పైన ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది, నొక్కితే నీరు ఊరుతుంది. ముక్కిపోయిన వాసన కూడా మొదలైంది. లీకు ఎక్కడిదో కనిపెట్టేదెలా? ఫ్లోర్‌లో ఉన్న రబ్బరు డ్రెయిన్ ప్లగ్గులు తీసేసి వదిలేయొచ్చా? బయట నిలిపేటప్పుడు బండి మొత్తానికి కవర్ వేయాలా, సీట్ల వరకు కప్పే క్యాబ్ కవర్ చాలా?

గేర్‌రాడ్:
లీకు వేట తర్వాత, ముందు కార్పెట్ లేపండి. పైన పొడి, కింద తడి అంటే అడుగున ఉన్న ఫోమ్ పొర నీళ్లు తాగి కూర్చుందన్నమాట. తలుపులు తీసి ఎండలో పెట్టినా అది ఆరదు, పైపొర ఒక్కటే ఆరి మోసం చేస్తుంది. ఒకటి రెండు రోజులు అలా ఉంటే బూజు పట్టడం మొదలవుతుంది. సీటు బోల్టుల చుట్టూ, రేకుల అతుకుల దగ్గర తుప్పు ఆ తర్వాతి వంతు.

సీటు విప్పే ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి. సీటు కింద పసుపు కప్లర్ (వైర్లని కలిపే కనెక్టర్) ఉంటే అది ఎయిర్‌బ్యాగుదో, సీట్ బెల్ట్ టెన్షనర్‌దో. అది ఊడి ఉండగా ఇగ్నిషన్ వేస్తే హెచ్చరిక లైటు వెలుగుతుంది, లోపం కోడ్ బండి కంప్యూటర్‌లో నిలిచిపోతే స్కానర్‌తో చెరపాలి. సీటు తిరిగి బిగించేటప్పుడు చేతి అంచనా వద్దు, బిగుతు కొలిచే టార్క్ రెంచ్‌తో మాన్యువల్ అంకె ప్రకారమే.

కార్పెట్, ఫోమ్ బయటికి తీసి, వెట్ వ్యాక్యూమ్‌తో నీళ్లు లాగి, గాలి ఆడేలా వేలాడదీయండి. పడింది బురద నీళ్లో ఉప్పు నీళ్లో అయితే ముందు మంచినీళ్లతో కడగాలి. రేకు మీద తుప్పు చుక్కలుంటే వైర్ బ్రష్, రస్ట్ కన్వర్టర్, ఎపాక్సీ ప్రైమర్, చివర పెయింట్. కొందరు తుప్పు మీదే బెడ్‌లైనర్ (రేకు మీద వేసే మందపాటి రక్షణ పూత) కొట్టేస్తారు. దాంతో చెమ్మ లోపలే ఉండిపోయి, రేకు చిల్లు పడేదాకా పైకి ఏమీ కనబడదు.

నాలుగోచక్రం:
ముందు ఫ్లోర్ ఒక్కటే తడుస్తోందంటే నా అనుమానం టాప్ మీద కాదు, విండ్‌షీల్డ్ కింద ఉండే కౌల్ మీద. బ్లోయర్‌కి బయటి గాలి వెళ్లే జాలీ అక్కడే ఉంటుంది. దాని డ్రెయిన్‌లో ఆకులు, మట్టి ఇరుక్కుంటే నీళ్లు పొంగి బ్లోయర్ దారిన కాళ్ల దగ్గరికి దిగుతాయి. జాలీ మీద మెల్లగా ఒక మగ్గు నీళ్లు పోసి, బండి కింద వెంటనే కారుతున్నాయేమో చూడండి. కారకపోతే దొంగ దొరికినట్టే. వాన లేని రోజు ఏసీ వేసినప్పుడు కూడా తడి వస్తుంటే అది ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోవడం, వేరే సంగతి.

కౌల్ బాగుంటే పైపు పరీక్ష. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట మామూలు నీళ్ల పైపుతో. ప్రెషర్ వాషర్ వద్దు, అది బాగున్న బీడింగ్‌లోంచి (తలుపు అంచు రబ్బరు) కూడా నీళ్లు దూరుస్తుంది. కిందినుంచి పైకి వెళ్లాలి: తలుపు అడుగు, కీళ్లు, కిటికీ జిప్పు, ఆఖరున విండ్‌షీల్డ్ పై అంచు. ఒక్కోచోట రెండు మూడు నిమిషాలు. పైనుంచి మొదలెడితే నీళ్లు అన్నిచోట్లా జారి అసలు దారి ఏదో తేలదు. పైగా నీళ్లు రోల్ బార్ (సీట్ల మీదుగా ఉండే ఇనప చట్రం) వెంట పాకి ఎక్కడో బొట్టు పడతాయి, బొట్టు పడ్డచోటే చిల్లు అనుకోవద్దు.

బీడింగ్‌కి కాగితం పరీక్ష చాలు. కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. జారి వచ్చేస్తే అక్కడ ఒత్తిడి లేదు, తలుపు స్ట్రైకరో (తలుపు గడియ పట్టుకునే కొక్కెం) టాప్ లాచ్ కొక్కెమో సర్దాలి. బాగున్న రబ్బరుకి సిలికాన్ గ్రీజు పలచగా పూయండి. కుట్టులోంచి ఊరుతుంటే, బట్ట పూర్తిగా ఆరాక లోపలివైపు సీమ్ సీలర్ బ్రష్‌తో రెండు పలచటి పూతలు. మీది క్యాన్వాస్ కాబట్టి నీళ్లు ముత్యాల్లా జారకుండా బట్టలోకి ఇంకుతుంటే, కడిగి ఆరబెట్టి ఫాబ్రిక్ వాటర్‌ప్రూఫింగ్ స్ప్రే కొట్టండి. వినైల్‌కి వాడే పాలిష్ క్యాన్వాస్‌కి పనికిరాదు.

తడిసిన టాప్‌ని మడిచి పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

మట్టిరోడ్డు:
ప్లగ్గులు తీసి నడపొద్దు. ఆ రంధ్రాలు లోపలి నీళ్లు పోవడానికే అయినా, బండి కదిలితే టైరు చిమ్మే నీళ్లు, దుమ్ము అదే దారిన లోపలికొస్తాయి. వాగు దాటితే ఇక చెప్పేదేముంది. నిలిపినప్పుడు తీసి నీళ్లు పోయాక, అంచు తుడిచి మళ్లీ నొక్కండి. ఎండి పగిలిన ప్లగ్గు మార్చేయాలి. ఇంకో మాట, కార్పెట్ ఉన్నంతకాలం ప్లగ్గు తీసి పెద్ద లాభం లేదు, ఫోమ్ పట్టుకున్న నీళ్లు రంధ్రం దాకా రావు. వానాకాలమంతా టాప్ తీసి తిరిగేవాళ్లు కార్పెట్ తీసేసి రబ్బరు మ్యాట్లు వేసుకోవడమే నయం. చప్పుడు, వేడి కొంచెం పెరుగుతాయి.

కవర్ సంగతి: టాప్ తీసి కాసేపు ఆపడానికి క్యాబ్ కవర్ చాలు. అది రోల్ బార్ మీంచి రావాలి, పట్టీలు బిగుతుగా ఉండాలి. మధ్యలో గుంట పడితే నీళ్లు నిలిచి, ఆ బరువుకి అంచులు జారి, మొత్తం ఒక్కసారి సీట్ల మీద పడుతుంది. రోజుల తరబడి బయటుంటే గాలి ఆడే రకం ఫుల్ కవర్ వేయండి. టార్పాలిన్ కప్పితే బయటి వాన ఆగుతుంది గానీ లోపలి చెమ్మ ఆవిరై మళ్లీ సీట్ల మీదే దిగుతుంది. తడి బండికి ఏ కవరూ వేయొద్దు.

బురదచక్రం:
థాంక్సండీ. ముందు కౌల్ చూస్తాను. సీటు కింద ఆంప్లిఫయర్ ఒకటుంది, కప్లర్లకి డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) పెడితే సరిపోతుందా? చెమ్మకి క్యాల్షియం క్లోరైడ్ డబ్బాలు పెట్టొచ్చా?

గేర్‌రాడ్:
గ్రీజు కప్లర్ రబ్బరు సీలుకి పలచగా పెట్టండి, అంతే. పిన్నుల మీద పచ్చటి పొర ఉంటే ముందు కాంటాక్ట్ క్లీనర్‌తో కడగాలి, దాని మీద గ్రీజు పూస్తే లోపం అలాగే ఉంటుంది. ఆంప్లిఫయర్‌ని గ్రీజు కాపాడదు, ఫ్లోర్ నుంచి పైకి మార్చండి. వైర్లు కప్లర్ కంటే కిందికి ఒంపు తిరిగి ఎక్కేలా కట్టండి, నీటిబొట్టు ఆ ఒంపు దగ్గరే రాలిపోతుంది. క్యాల్షియం క్లోరైడ్ డబ్బా కదిలే బండిలో వద్దు. అందులో చేరిన నీరు ఒలికితే రేకుని తినేస్తుంది. సిలికా జెల్ సంచులు వాడండి, అదీ కార్పెట్ ఆరాకే.