కర్నూలు ఇంటిపన్ను: శాతం మారకుండానే ఎందుకు పెరుగుతోంది?

కల్లూరువాసి:
కార్పొరేషన్ పరిధిలో 3 సెంట్లు, అందులో 1,000 అడుగుల పాత ఇల్లు. పన్ను ఏటా పెరుగుతోంది. శాతం మారుస్తున్నారా? పైన అంతస్తు వేస్తే? పక్కన కంప మొలిచిన ఖాళీ ప్లాట్లకు పన్నే లేదా?

గజంలెక్క:
శాతం మారక్కర్లేదు. 2021 ఏప్రిల్ నుంచి పన్నుకు ఆధారంగా అద్దె విలువ పోయి మూలధన విలువ, అంటే స్థలం, కట్టడం కలిపిన ధర వచ్చింది. ప్రభుత్వం గీసిన హద్దులు నివాసానికి 0.10–0.50 శాతం, వాణిజ్యానికి 0.20–2 శాతం. మధ్యలో ఎంతన్నది కౌన్సిల్ తీర్మానం. కానీ స్థలం విలువ కట్టేది రిజిస్ట్రేషన్ శాఖ, అసలు బరువంతా అక్కడే.

3 సెంట్లంటే 145 గజాలు. గజం 8,000 అనుకుంటే 11.60 లక్షలు. కట్టడం అడుగు 1,100 చొప్పున 11 లక్షలు. మొత్తం 22.60 లక్షల మీద 0.15 శాతం వేస్తే 3,390. పాత పన్ను 2,000 అయితే ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదు కాబట్టి 2,300, 2,645, 3,042, నాలుగో ఏడు 3,390. మీరు ఎక్కుతున్నది ఈ మెట్లే.

కొత్త అంతస్తుకు ఆ 15 శాతం రక్షణ ఉండదు. ప్లాన్ లేకుండా వేస్తే దాని పన్నుకు మరో నూరు శాతం జరిమానా. అది కట్టినంత మాత్రాన రెగ్యులరైజ్ అయినట్టు కాదు.

పాతలేఅవుట్:
ఖాళీ స్థలానికి పన్ను ఉంది, కార్పొరేషన్లలో విలువ మీద 0.50 శాతం. పై లెక్కలోని 145 గజాలే ఖాళీగా ఉంటే 5,800, అంటే ఇల్లు కట్టినోడి కంటే ఎక్కువ! స్థలం పడావు పెట్టకుండా కట్టించాలని ఆ రేటు. కాకపోతే చాలా ప్లాట్లు అసెస్‌మెంట్‌కే, అంటే పన్ను లెక్కల్లోకే ఎక్కవు. ఓనరు ఏ బెంగళూరులోనో, కువైట్‌లోనో ఉంటాడు, ప్లాన్‌కు వచ్చినప్పుడే బకాయి బయటపడుతుంది. ఈలోగా ఊరు ఆ ప్లాట్లను దాటుకుని పంచాయతీల్లోకి పాకుతుంది. పైపూ, కాలువా ఖాళీ జాగాల ముందు నుంచే అంత దూరం లాగాలి. అక్కడ అనుమతి లేని లేఅవుట్లో కొంటే ప్లాన్ రోజున, లేఅవుట్లో ఉమ్మడి ఖాళీ జాగా వదలనందుకు వేసే ఓపెన్ స్పేస్ చార్జీ, స్థలం విలువలో 14 శాతం, మీద పడుతుంది.

కల్లూరువాసి:
అన్నా, డిమాండు నోటీసులో 1,240 అడుగులని ఉంది.

గజంలెక్క:
అయితే శాతం సంగతి వదిలేయండి, తప్పు ఆ కొలతలోనే. ప్లాను, దస్తావేజు జిరాక్సులతో సచివాలయంలో వార్డు అడ్మిన్ సెక్రటరీని కలిసి మళ్లీ కొలిపించండి, రివిజన్ పిటిషన్ వేయండి. వాడుక గడి కూడా చూడండి. ముందు గదిలో చిల్లర అంగడి ఉంటే ఇల్లంతా వాణిజ్యమని రాసేస్తుంటారు. పిటిషన్ వేశాం కదా అని కట్టడం ఆపొద్దు, నెలకు 2 శాతం వడ్డీ నడుస్తూనే ఉంటుంది.