అప్‌డేట్: ఏటీఆర్, హైదరాబాద్ బేస్ తీసుకున్నాను

కొత్త ఫస్ట్ ఆఫీసర్‌గా (అంటే కో-పైలట్‌గా) హైదరాబాద్ బేస్‌లో ఉండి ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం తీసుకోవాలా, ఢిల్లీలో ఉండి ఎయిర్‌బస్ అనే పెద్ద జెట్ తీసుకోవాలా అని ఆ మధ్య మీ అందరినీ అడిగాను కదా. ఏటీఆర్‌కే ఓకే చెప్పాను.

ఎయిర్‌బస్‌లో జీతం ఎక్కువే. కానీ ఒక సీనియర్ అన్న చెప్పిన మాట మనసులో నిలిచిపోయింది: ల్యాండింగులు ఎక్కువ చేస్తేనే చేయి తిరుగుతుంది. ఏటీఆర్ 72లో రాజమండ్రి, కడప, తిరుపతి లాంటి చిన్న సెక్టార్లే (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక ట్రిప్) ఎక్కువ, ఒకే రోజు నాలుగు కూడా పడతాయి. ఇంజిన్ పవర్ లీవర్ కదిపితే చాలు, విమానం ముక్కు పక్కకు లాగుతుంది, వెంటనే దాన్ని పక్కకు తిప్పే రడ్డర్ పెడల్ కాలితో నొక్కి సరిచేయాలి. పక్కగాలి ఉన్న రోజు పాదాలకు క్షణం తీరిక ఉండదు. ఈ పని నాకు ఎంతో నచ్చింది.

మాది జడ్చర్ల. 44వ నంబర్ హైవే మీద శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కు దగ్గరే. అయినా స్టాండ్‌బై రోజు ఫోన్ రాగానే బయల్దేరాలి, హైవే ట్రాఫిక్‌ను నమ్ముకుంటే టెన్షనే. అందుకే శంషాబాద్‌లో తోటి పైలట్లతో కలిసి రూమ్ తీసుకున్నాను. ఆఫ్ వస్తే ఇంటికే. నాన్నకు షుగర్, చెకప్‌కు నేనే తీసుకెళ్తున్నాను. ఢిల్లీలో ఉంటే ఇది కుదిరేది కాదు.

కెప్టెన్ కావడానికి అవసరమైన లైసెన్స్ ఏటీపీఎల్‌కు 1500 గంటల ఫ్లయింగ్ కావాలి. అవి పూర్తయ్యాకే ఎయిర్‌బస్ సంగతి. టైప్ రేటింగ్ (ఒక్కో రకం విమానం నడపడానికి తీసుకునే ప్రత్యేక అర్హత) గురించి ఏమైనా తెలుసుకోవాలంటే అడగండి, తప్పకుండా చెప్తాను.