డీపీటీ చదువుతూ ఫెల్డెన్‌క్రైస్ ట్రైనింగ్ కూడానా?

కొత్తగా వచ్చిన చెల్లె:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కింద బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి, మొన్న ఆగస్టులో ఇక్కడ అమెరికాలో డీపీటీ (ఫిజికల్ థెరపీ డాక్టరేట్)లో చేరాను. నేనుండే ఊళ్లోనే ఫెల్డెన్‌క్రైస్ (ఒంటి కదలికలను మెల్లగా గమనిస్తూ నేర్చుకునే పద్ధతి) ట్రైనింగ్ కొత్త బ్యాచ్ మొదలవుతోంది. నాలుగేళ్లు, సుమారు 800 గంటలు. రెండూ నడపగలనా? అమ్మ మాత్రం "ఒక్కటి సక్కగ చదువు బిడ్డా" అంటోంది.

వరంగల్ అక్క:
చెల్లె, అమ్మ మాటలో సగం నిజముంది. నేను రెండూ ఒకేసారి నెత్తికెత్తుకున్నదాన్నే. ఏడాదికి నలభై రోజులు, అవీ విడతలుగా అంటే ఎంత పని అనిపిస్తుంది. కానీ డీపీటీలో ఫుల్‌టైమ్ క్లినికల్స్, అంటే ఆసుపత్రుల్లో, క్లినిక్‌లలో పేషెంట్లతో పని నేర్చుకోవడం, కనీసం 30 వారాలు. ఏ ఊరు పడుతుందో, ఏ తేదీలు వస్తాయో మన చేతిలో ఉండదు. నా రెండో ఏడాది క్లినికల్ సరిగ్గా ట్రైనింగ్ విడత మీదే పడింది. పోయిన రోజుల కోసం తర్వాత ఇంకో ఊరి బ్యాచ్‌కు విమానం ఎక్కి పోవాల్సి వచ్చింది. ఆ టికెట్ డబ్బులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అనాటమీ మనం చదివిందే కదా అనుకుని మొదటి సెమిస్టర్‌ను తేలిగ్గా తీసుకోకు. ఇప్పుడే ట్రైనింగ్‌కు డబ్బు కట్టకు. వారానికొక ఫెల్డెన్‌క్రైస్ 'అవేర్‌నెస్ త్రూ మూవ్‌మెంట్' గ్రూప్ క్లాసుకు మాత్రం తప్పకుండా పో. మన కాలేజీలో గోనియోమీటర్ పెట్టి మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందో రాసుకుంటాం. అక్కడ డిగ్రీల గోల లేదు. నేల మీద పడుకుని, ఒక కదలికనే మెల్లగా, తక్కువ బలంతో, రకరకాలుగా చేసి చూడమంటారు. మొదటి రెండు వారాలు నేనైతే నిద్రపోయాను!

ఇంటర్న్‌షిప్‌లో ఎవరొచ్చినా "నడుం వంచొద్దమ్మా" అని చెప్పి పంపేదాన్ని. నాట్లేసే ఆమె నడుం వంచకుండా ఎట్ల బతుకుతది? ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా ఎత్తే హమాలీని చిన్నప్పటి నుంచి చూశాను. ఆ బరువు చేతుల మీద కాదు, పాదం నుంచి తుంటి మీదుగా ఒళ్లంతా పంచుకుంటుందని ఆ క్లాసులో పడుకున్నాకే తెలిసింది. ఈ పద్ధతి పెట్టిన ఫెల్డెన్‌క్రైస్ కూడా వైద్యుడేం కాదు, ఫిజిక్స్, జూడో తెలిసినాయన. సొంత మోకాలి దెబ్బతో తంటాలు పడుతూ ఇందులోకి వచ్చాడు.

ఒక్క మాట, ఇక్కడ ఫిజికల్ థెరపిస్టుగా పనిచేయడానికి రాసే లైసెన్స్ పరీక్ష ఎన్‌పీటీఈలో ఇవేవీ పనికిరావు. అక్కడ పుస్తకంలో ఉన్నదే రాయాలి.

కరీంనగర్ అన్న:
అక్క వీసా సంగతి మరిచింది. ట్రైనింగ్ సగమయ్యాక గ్రూప్ క్లాసులు చెప్పుకోవచ్చని చాలాచోట్ల అనుమతిస్తారు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉండి బయట అట్లా డబ్బు తీసుకుంటే అనుమతి లేని పని కిందికి వస్తుంది. స్నేహితులకే కదా, వెన్మో యాప్‌లో పంపే పది డాలర్లే కదా అనుకోవద్దు. ముందు మీ డీఎస్‌ఓను (యూనివర్సిటీలో స్టూడెంట్ వీసాల సంగతి చూసే అధికారిని) అడగమ్మా.

కొత్తగా వచ్చిన చెల్లె:
థాంక్స్ అక్కా, అన్నా. అడ్వాన్స్ కట్టడం ఆపేశాను. సోమవారం క్లాసుకు పేరిచ్చాను. మ్యాట్ తెచ్చుకోమన్నారు, నా దగ్గర అమ్మ సూట్‌కేసులో కుక్కిన కొత్తవాడ జంపఖానా ఉంది. నడుస్తుందా?

వరంగల్ అక్క:
మంచిగ నడుస్తది. రెండు మడతలు వేసుకో.