అప్‌డేట్: ఎక్స్‌-వింగ్‌లో ఇంకో మనిషి పడతాడా?

పోయిన వారం అడిగాను కదా, స్టార్ వార్స్ సినిమాల్లో ఒకే సీటుండే చిన్న అంతరిక్ష యుద్ధనౌక ఎక్స్‌-వింగ్‌లో పైలట్‌తో పాటు ఇంకొకర్ని ఎక్కించుకోవచ్చా అని. నేనూ తమ్ముడూ రాస్తున్న కథలో గాయపడిన స్నేహితుణ్ణి అందులోనే తప్పించాలి. "డ్రాయిడ్‌ని తీసేసి వెనక కూర్చోబెట్టు" అన్నారు చాలామంది. డ్రాయిడ్ అంటే పైలట్ వెనక గుంటలో ఉండే రోబో.

సినిమాలు మళ్ళీ చూశాం. ఆ డ్రాయిడ్ గుంటకి పైన అద్దం లేదు, ఆర్‌2-డీ2 అనే డ్రాయిడ్ తల బయటికే ఉంటుంది. డ్రాయిడ్‌కి గాలి అక్కర్లేదు, మనిషికి కావాలిగా! 2021 డిసెంబర్‌లో మొదలైన 'ద బుక్ ఆఫ్ బోబా ఫెట్' సిరీస్‌లో మాండలోరియన్ అనే యోధుడు బాగుచేయించుకున్న ఎన్‌-1 నౌకలో ఆ చోటే అద్దపు గుమ్మటం పెట్టి గ్రోగుని కూర్చోబెడతారు. అంతకుముందు గ్రోగు ఎక్స్‌-వింగ్‌లోనూ వస్తాడు, నడిపేది ఆర్‌2. అయితే గ్రోగు చంకనెత్తుకునేంత పిల్లాడు. ఎదిగిన మనిషి, అందులోనూ కాలు విరిగినవాడు, ఆ ఇరుకు కాక్‌పిట్‌లో పైలట్ ఒళ్ళో కూర్చుంటే నడపడం కుదరదు.

అందుకే నౌకనే మార్చేశాం. క్లోన్ యుద్ధాల నాటి వై-వింగ్‌లో గన్నర్‌కి వేరే సీటుంది. ఇప్పుడు మా స్నేహితుడు అక్కడ కూర్చుని, నొప్పితో పళ్ళు బిగించి వెనకొచ్చే శత్రువుల్ని కాలుస్తున్నాడు. నాకు ఈ సన్నివేశమే ఎక్కువ నచ్చింది. దారి చూపినవాళ్ళందరికీ థ్యాంక్స్.